జాగ్రత్తమ్మా అన్నాడు అన్నయ్య

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మైకక్క మైకు సెట్టు అద్దెకిచ్చే మనిషి. ఏ పార్టీవాళ్ళు పిలిచినా వెళ్తుంది. మొగుడు స్తంభాలెక్కి లౌడుస్పీకరు హారన్లు కడతాడు, ఆవిడ ఆంప్లిఫయర్ ముందు కూర్చుంటుంది. పోయిన భాగంలో కాంట్రాక్టరు మీటింగుకి అలాగే వెళ్ళింది. ఎన్నికల్లో అధికార పక్షం తరఫున నిలబడ్డ పెద్దమనిషి ఈ కాంట్రాక్టరు. రోడ్లు ఆయనే వేస్తాడు, వాటి మీద తిరిగే లారీలూ ఆయనవే. నీకు ఓటెయ్యం పొమ్మన్న చేపల బజారు ఆడవాళ్ళని చూపిస్తూ ఆయన స్టేజీ మీద నవ్వుతూ అన్నాడు: "మీ పిల్లలు బడికి నడిచెళ్ళే రోడ్డు మీదే కదా నా లారీలు తిరిగేది. జాగ్రత్తమ్మా." జనం నవ్వారు. మైకక్క మీట దించేసింది. ఊరంతా వినపడుతున్న గొంతు ఒక్కసారిగా మూగబోయింది.

మర్నాడు కాంట్రాక్టరు మనుషులు దుకాణం మీదికొచ్చి హారన్లని కాళ్ళతో తొక్కి చొట్టలు పెట్టారు. అప్పుడు వచ్చాడు అన్నయ్య. మైకక్కకి సొంత అన్న, ఒకప్పుడు బస్సు కండక్టరు, ఇప్పుడు కాంట్రాక్టరు మీద పోటీకి నిలబడ్డ అభ్యర్థి. చెల్లెలి గుమ్మంలో కుర్చీ వేసుకుని, "ముందు నన్ను తొక్కండి, తర్వాత ఆ రేకులు తొక్కుదురుగాని" అన్నాడు. వచ్చినవాళ్ళు నసుగుతూ వెనక్కి పోయారు. తెల్లారేసరికి ఊళ్ళో గోడలన్నిటి మీదా అన్నయ్య పార్టీ రాయించిన అక్షరాలు: బెదిరింపుకి మైకు లేదు.

అక్కడ ఆపాం. ఇక వినండి.

*

బస్సు స్టాండు ఎదుటి ఖాళీ జాగాలో అన్నయ్య మీటింగు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. దుమ్ము లేవకుండా రోడ్డు మీదా జాగాలోనూ ట్యాంకరుతో నీళ్ళు కొట్టించారు, నేలంతా చిత్తడిగా ఉంది. మైకక్క ఆంప్లిఫయర్‌ని బల్ల మీద పెట్టి, బల్ల కాళ్ళ కింద చెక్కలు పెట్టించి, వైర్లని ఎత్తుగా తాళ్ళకి కట్టించింది. మొగుడు ఆసుపత్రి వైపున్న స్తంభం మీద వేలాడుతున్నాడు.

"ఏమయ్యా, ఆ హారను కొంచెం వంచు. ఆసుపత్రి మీదికి అరుస్తోంది."

"ఆసుపత్రిలో వాళ్ళకీ ఓట్లున్నాయి గదే."

"ఓట్లున్నాయని నిద్ర చెడగొడతామా? వంచి, దిగు."

"దిగనులే. పైనున్నంతసేపూ నాకు భయం ఉండదు. కింద మీ పార్టీలుంటాయి."

చొట్టలు తీసి మళ్ళీ కట్టిన హారన్లవి. సుత్తితో ఎంత సరిచేసినా గొంతు కొంచెం బొంగురు పోయింది. ఆ బొంగురు గొంతుతోనే అన్నయ్య మాటలు ఊరి మీదికి పోతుంటే మైకక్కకి లోపల ఒక రకమైన గర్వం. తొక్కినవాళ్ళకి వినపడాలి కదా మరి.

అన్నయ్య మాట్లాడితే వినాల్సిందే. కాగితం ఉండదు, దగ్గు ఉండదు. "కాంట్రాక్టరుగారి రోడ్డు మీద నీళ్ళు కొట్టించాం కాబట్టి బతికిపోయారు. లేకపోతే ఈపాటికి రోడ్డంతా మీ ముక్కుల్లో ఉండేది," అన్నాడు. జాగా అంతా గొల్లుమంది. ముందు వరసలో చేపల బజారు ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో పెద్దది, అందరూ అవ్వా అని పిలిచే మనిషి, నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "నా బస్సులో నిలబడ్డవాడికీ కూర్చున్నవాడికీ టికెట్టు ఒకటే. మా నాన్న ఎక్కినా టికెట్టు కొట్టాను. ఇంటికెళ్ళాక నాకు అన్నం పెట్టలేదు, అది వేరే సంగతి," అన్నాడు. చప్పట్లు. స్టేజీ పక్కన నిలబడ్డ ఒకడు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. మీటింగులన్నిటికీ వచ్చి ఈలలేసే అన్నయ్య అనుచరుడు వాడు. పేరేదైనా గానీ ఊళ్ళో అందరికీ వాడు విజిల్.

నవ్వు మీద నవ్వు, చప్పట్ల మీద చప్పట్లు. జనం వేడెక్కారు. అన్నయ్య గొంతు తగ్గించాడు.

"మన దగ్గర సూది పట్టుకోవడం నేర్చుకుని, మనకే పొడిచిపోయిన చెల్లెమ్మ ఒకరున్నారు."

ఎవరో అందరికీ తెలుసు. నర్సమ్మ. ఆసుపత్రిలో నర్సు. నిన్నమొన్నటిదాకా అన్నయ్య జెండా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఉన్నట్టుండి కండువా మార్చి కాంట్రాక్టరు స్టేజీ ఎక్కింది. ఆయన చేపల బజారు పిల్లల మీద లారీల మాట అన్నప్పుడు ఆయన పక్క కుర్చీలోనే ఉంది. నోరెత్తలేదు, తల దించుకుని తన చెప్పులు చూసుకుంటూ కూర్చుంది. ఆ రోజు నుంచీ మైకక్కకి ఆవిడ పేరు వింటే ఒళ్ళు మంట.

"ఆ చెల్లెమ్మ డ్యూటీ దిగి ఒంటరిగా ఇంటికి పోతుంది," అన్నాడు అన్నయ్య. "పాత గోడౌన్ల పక్క సందులోంచి. అక్కడ వీధి దీపం లేదు, కాంట్రాక్టరుగారి దయవల్ల. మన కుర్రాళ్ళకి కోపాలెక్కువ. ఒక్కోసారి నా మాట కూడా వినరు."

ఆగాడు. కండువా సర్దుకున్నాడు.

"జాగ్రత్తమ్మా."

పోయిన వారం మైకక్క చెయ్యి ఆలోచించలేదు. దానంతట అదే దిగిపోయింది. ఇవాళ మీట దాకా వెళ్ళి అక్కడ ఆగింది. అన్నయ్య కదా. వీధి దీపం గురించే అన్నాడేమో. ఇంకో మాట వస్తుందేమో, అర్థం మారుతుందేమో. మనవాడి నోట్లోంచి చెడ్డ మాట వస్తే మనం దాన్ని దగ్గు అనుకుంటాం, ఇంకోసారి విని చూద్దాం అనుకుంటాం.

ఇంకో మాట రాలేదు. నవ్వు వచ్చింది. ముందు విజిల్ నవ్వాడు, తర్వాత వెనక వరసలు, తర్వాత చేపల బజారు వరస కూడా. అవ్వ అందరికంటే గట్టిగా నవ్వింది.

అదే నవ్వు. కాంట్రాక్టరు మీటింగులో విన్న నవ్వే, ఒక్క పిసరు తేడా లేదు.

మైకక్క మీట దించేసింది.

*

అన్నయ్య పెదాలు కదిలాయి, మాట స్టేజీ దాటలేదు. మైకుని వేలితో తట్టాడు. ఊదాడు. "మైకు పోయిందమ్మా," అన్నాడు చెల్లెలి వైపు నవ్వుతూ. స్తంభం మీది మొగుడు కంగారుగా అతుకులు తడుముకున్నాడు. "ఇటు బాగానే ఉందే," అని పైనుంచి అరిచాడు. జనంలో ఎవడో, "కాంట్రాక్టరు కరెంటు పీకించాడ్రా," అన్నాడు. అంతే, కాంట్రాక్టరు డౌన్ డౌన్ అని నినాదం అందుకున్నారు. ఆ పెద్దమనిషి అన్ని పాపాలూ చేసినవాడే. ఈ ఒక్కటి మాత్రం చెయ్యలేదు.

మైకక్క చేతులు కట్టుకుని కూర్చుంది.

మైకు పని తెలిసినవాళ్ళకి ఆ భంగిమ అర్థమవుతుంది. నిజంగా మైకు పోతే ఆపరేటరు చేతులు కట్టుకోడు, ప్రతి వైరూ లాగి చూస్తాడు. అన్నయ్యకి ఆ పని కొంచెం తెలుసు. నవ్వు ఆగిపోయింది. మెట్లు దిగి నేరుగా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏమైందే? ఫ్యూజా?"

"కాదు. నేనే కట్టేశాను."

"ఎందుకు?"

"గోడల మీద నువ్వే రాయించావు. చదువుకో."

అన్నయ్య ఒకసారి వెనక్కి చూశాడు. ముందు వరసలు మెడలు సాచి వింటున్నాయి. గొంతు తగ్గించాడు. "అది వాడి కోసం రాయించింది."

"గోడ మీద వాడి పేరు లేదు."

"నేనేమన్నానిప్పుడు? జాగ్రత్త అన్నాను. అదీ తప్పేనా? నేను డ్యూటీకి బయల్దేరినప్పుడల్లా అమ్మ అనేది. నువ్వు స్తంభమెక్కే నీ మొగుడితో రోజూ అంటావు."

"అంటాను. అమ్మ అన్నప్పుడు గుమ్మంలో ఎవరైనా నవ్వారా అన్నయ్యా?"

అన్నయ్య చూపు ఆంప్లిఫయర్ మీదికి మళ్ళింది.

"నిన్నే అడుగుతున్నా. జాగ్రత్త నాయనా అంటే నవ్వేవాడెవడు? వీళ్ళు నవ్వారు. కాంట్రాక్టరు అన్నప్పుడూ నవ్వారు."

"జనం నవ్వితే నాదా తప్పు?"

"నవ్వేదాకా నువ్వు ఆగావు. నీ గొంతు నా చేతిలో ఉంటుంది, ఎక్కడ ఊపిరి పీలుస్తావో నాకు తెలుసు. నవ్వు రావాల్సిన చోట ఆగి కండువా సర్దుకుంటావు. ముక్కుల్లో రోడ్డు అన్నప్పుడు సర్దుకున్నావు. నాన్న టికెట్టప్పుడు సర్దుకున్నావు. ఇందాకా సర్దుకున్నావు."

అన్నయ్య చెయ్యి కండువా దాకా వెళ్ళి, మధ్యలో తెలిసొచ్చి కిందికి దిగింది.

"చూడమ్మాయ్," అన్నాడు ఈసారి మెత్తగా. "వాడి దగ్గర లారీలున్నాయి. అధికార్లున్నారు. నా దగ్గరేముంది? ఈ నోరొక్కటే. అది కూడా కుట్టేస్తే నేనేం పెట్టుకుని కొట్లాడను?"

"ఆవిడ దగ్గర అది కూడా లేదు. మైకు ముందు నిలబడింది నువ్వు. ఆవిడ కాదు."

"ఆవిడ అంటున్నావు. నీ కళ్ళెదురుగా ఆ స్టేజీ మీద కూర్చుంది. పసిపిల్లల మీదికి లారీలంటుంటే నోరెత్తలేదు. అలాంటిదాని కోసం నా నోరు మూస్తావా?"

"నాకూ ఆవిడ పడదు. కనపడితే మొహం తిప్పుకుంటాను. పడనివాళ్ళకి వర్తించనప్పుడు ఆ గోడల మీద సున్నం ఎందుకు పాడు చేశావు? మన చుట్టాలకి మాత్రమే అని కింద ఒక ముక్క రాయించు."

"వాడూ నేనూ ఒకటేనా?" అన్నాడు అన్నయ్య. "ఆ ఒక్క ముక్క చెప్పు. నీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నవాడూ, నీ హారన్లు తొక్కించినవాడూ నీకు ఒకటేనా?"

మైకక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఒకటైతే నాకింత కష్టమయ్యేదా? వాడికి చటుక్కున దించాను. నీకు దించలేక చెయ్యి ఆగింది. ఆ కాసేపట్లోనే ఆ నవ్వంతా ఊరి మీదికి పోయింది. నువ్వూ వాడూ ఒకటి కాదు అన్నయ్యా. మాట ఒకటే. నేను కట్టేసింది మాటని."

నినాదాలు ఆగిపోయాయి. వెనకవాళ్ళకి వినపడటం లేదు. ముందువాళ్ళు వెనకవాళ్ళకి చెప్తున్నారు, వెనకవాళ్ళు వాళ్ళకి తోచినట్టు ఇంకొంచెం కలిపి ఇంకా వెనక్కి పంపుతున్నారు. కాంట్రాక్టరు డబ్బు తిన్నదంట అన్న మాట అప్పుడే రెండు వరసలు దాటింది.

విజిల్ మధ్యలోకొచ్చాడు. "అక్కా, అన్నాచెల్లెళ్ళ గొడవ ఇంటి దగ్గర చూసుకోండి. మీట ఎత్తు."

"ఎత్తను."

వాడు వంగి బల్ల కింద వైర్లని చూశాడు. మెల్లగా, ఒక్కొక్కటే, ఎంచుతున్నట్టు చూశాడు.

"నేలేమో తడి. వైర్లేమో అతుకులు. పొద్దస్తమానం కరెంటుతో పని నీది." నిటారుగా నిలబడి పళ్ళు కనపడేలా నవ్వాడు. "జాగ్రత్తక్కా."

వాడి వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

మైకక్క విజిల్ వైపు చూడలేదు. అన్నయ్య మొహంలోకి చూసింది. ఆయన విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క మాట చాలు. నోర్ముయ్‌రా అంటే చాలు. ఆ మాట నాలిక మీదికి వచ్చినట్టే ఉంది. జనం చూస్తున్నారు, వెనక పార్టీవాళ్ళు చూస్తున్నారు, ఈల వేసేవాడు కోపగించి వెళ్ళిపోతే వాడి వెనక ఉన్న నూరు గొంతులూ పోతాయి. అన్నయ్య మాటని మింగేశాడు. మింగడం గొంతులో కనపడింది.

మాట్లాడింది మైకక్క మొగుడు. స్తంభం మీంచి జారుకుంటూ ఎప్పుడు దిగాడో, చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి విజిల్ పక్కన నిలబడ్డాడు.

"తమ్ముడూ, ఆ అతుకులేసింది నేనే. బాగానే ఉంటాయి. కావాలంటే ఒకసారి గట్టిగా పట్టుకుని చూస్తావా?"

విజిల్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమయ్యా," అంది మైకక్క. "నువ్వూ ఊరుకో. నువ్వన్నదీ అదే."

"నీ కోసమే కదే అన్నాను."

"అందరూ ఎవరో ఒకరి కోసమే అంటారు. ఊరుకో."

ఆయన బిక్కమొహం వేశాడు. జన్మలో మొదటిసారి ధైర్యం చేస్తే అది కూడా చెల్లలేదు.

అప్పుడు లేచింది చేపల బజారు అవ్వ. మోకాళ్ళ మీద చేతులాన్చి, పక్కదాని భుజం పట్టుకుని లేచింది.

"నేనూ నవ్వాను," అంది.

"అవ్వా, నువ్వు కూర్చో," అన్నాడు అన్నయ్య.

"కూర్చున్నదాన్ని లేపింది నువ్వేరా అబ్బాయ్. మా పిల్లల మీద లారీ అన్నాక నాలుగు రోజులు దగ్గరుండి బడికి తీసుకెళ్ళాను, ఈ కాళ్ళతో. ఇప్పుడు ఆ పిల్ల సందులోంచి ఒంటరిగా పోతుందంటే పళ్ళికిలించాను. మాకన్నది మాటా, దానికన్నది పాటా? నీ చెల్లెలు నీ మైకే కాదు, నా నోరు కూడా మూసింది. మంచి పని చేసింది."

అన్నయ్యకి ఇక దారి లేదు. ఉన్నది ఒకటే, తప్పయింది అనడం. అది తేలిక. తేలికైనదాన్ని నాయకులు ఎందుకో చివరికి వాయిదా వేస్తారు. గిరుక్కున తిరిగి స్టేజీ ఎక్కాడు. మైకు స్టాండుని ఒక్క తోపు తోశాడు. అది పక్కకి ఒరిగి స్టేజీ మీద పరిచిన గుడ్డ మీద పడింది.

"నాకు మైకు అక్కర్లేదు," అని కేకేశాడు. "కిక్కిరిసిన బస్సులో ముందు మెట్టు మీద నిలబడి వెనక సీటుకి వినిపించిన గొంతిది. మీట దించితే ఆగేది కాదు."

ఆగలేదు కూడా. ఒట్టి గొంతే జాగా చివరిదాకా వెళ్ళింది. జనం మళ్ళీ హోరెత్తారు. విజిల్ ఈల చెవులు చిల్లులు పొడిచింది. మైకక్క చేతిలో ఉన్న అధికారం అంతా ఒక మీట. మీట లేని గొంతు ముందు ఆవిడ బల్ల, ఆంప్లిఫయరు, అన్నీ ఇనప ముక్కలు.

"ఇందాకా అన్నదే మళ్ళీ అంటున్నా," అన్నాడు అన్నయ్య. "ఎవరికి భయపడి..."

జనం చివర ఏదో కదలిక. వరసలు పక్కకి జరుగుతున్నాయి. ఎవరో నడిచొస్తున్నారు. ఆసుపత్రి తెల్ల చీర, భుజానికి సంచి, డ్యూటీలో వేసుకున్న ముడి అలాగే ఉంది. నర్సమ్మ. ఎవరూ దారి ఇవ్వమనలేదు, ఎవరూ అడ్డం నిలబడలేదు. ఆవిడ తడి నేల మీద చెప్పులు జారకుండా చూసుకుంటూ వచ్చి సరిగ్గా స్టేజీ కింద ఆగింది. తలెత్తింది.

"అన్నా, నేను ఆసుపత్రి మెట్ల మీద ఉన్నాను. హారను ఇంకా అటే తిరిగి ఉంది. గోడౌన్ల సందూ, వీధి దీపమూ, జాగ్రత్తమ్మా దాకా వినపడింది. ఆ తర్వాత ఆగిపోయింది. మిగతాది విందామని వచ్చాను."

అన్నయ్య ఒరిగి పడున్న మైకు స్టాండుని ఎత్తబోయి వదిలేశాడు.

"జాగ్రత్త అంటే ఎవరి నుంచో చెప్పాలి కదన్నా. ఊరికే జాగ్రత్త అంటే నేనేం చెయ్యను? మనిషిని చూపించు. వాడు ఎదురొస్తే తప్పుకుంటాను."

ఊరంతా వినపడ్డ మాట అది, పేరు చెప్పని చెల్లెమ్మ గురించి. ఇప్పుడు ఆ చెల్లెమ్మ కింద నిలబడి తలెత్తి చూస్తోంది. పొద్దున్నించీ నిలబడి పనిచేసిన మనిషి కళ్ళ కింద నలుపు కూడా కనపడుతోంది. అన్నయ్య నోరు తెరిచాడు. వెనక సీటు దాకా పోయే గొంతు ముందు వరస దాకా కూడా రాలేదు. ఆయన కళ్ళు మాత్రం, ఆయన ప్రమేయం లేకుండా, ఒక్క క్షణం విజిల్ మీదికి వెళ్ళి వచ్చాయి.

అది అందరూ చూశారు. విజిల్ కూడా చూశాడు. వాడి వేళ్ళు నోట్లోంచి బయటికొచ్చాయి.

"నా చెల్లెలి లాంటిదానివి," అన్నాడు అన్నయ్య చివరికి. "నీ మంచి కోసమే..."

"నీ చెల్లెలి సంగతి ఇందాకా జనంలోంచి వస్తుంటే చెవిన పడిందన్నా. ఆవిడక్కూడా జాగ్రత్త చెప్పారుగా," అంది నర్సమ్మ. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

ఆవిడ మైకక్క బల్ల వైపు తిరిగింది. ఇద్దరి మధ్యా మంచి మాట అనేదే లేదు. ఈ మధ్య దారిలో ఎదురైతే ఒకరు ఆ పక్కకి, ఒకరు ఈ పక్కకి.

"అక్కా, నాకు మైకు కావాలి."

విజిల్ ముందుకొచ్చాడు. "ఇది మా మీటింగు. మేం మాట్లాడుకున్న మైకు. ఆ పార్టీదానికి ఎలా ఇస్తావు?"

"నువ్వు మాట్లాడుకున్నది స్టేజీ మీది మైకు. అది అక్కడే పడుంది, నేను ముట్టుకోను," అంది మైకక్క. బల్ల సొరుగు లాగి ఇంకో మైకు తీసింది. తప్పిపోయిన పిల్లలూ, దొరికిన తాళాలూ, ఫలానా బండి అడ్డంగా ఉంది తియ్యండి అని ప్రకటించే మైకు అది. ఆవిడ తప్ప అందులో ఎవరూ మాట్లాడరు. "ఇది నా బల్ల మీది మైకు."

వైరు గుచ్చింది. నర్సమ్మ చెయ్యి సాచింది. మైకక్క వెంటనే ఇవ్వలేదు.

"ముందే చెప్తున్నా. నిన్ను చూసి జాలిపడి ఇస్తున్నాననుకోకు. ఆ రోజు ఆ స్టేజీ మీద నువ్వు కూర్చున్న కూర్చోవడం నేను మర్చిపోలేదు. నువ్వు ఎవర్ని బెదిరించినా నీకూ కట్టేస్తాను."

"కట్టెయ్యి," అంది నర్సమ్మ.

మైకు అందుకుంది. మీట పైకి లేచింది. బొంగురు పోయిన హారన్లు ఒక్కసారి గరగరమని గొంతు సవరించుకున్నాయి.

నర్సమ్మ స్టేజీ వైపు తిరగలేదు. చేపల బజారు వరస వైపు తిరిగింది.

"ఆ రోజు నేను నోరెత్తలేదు. ఎందుకో ముందు అది చెప్తాను. అది నా తప్పు కాదని చెప్పడానికి కాదు, తప్పే. కాంట్రాక్టరు మీతో అన్న మాట నాతో అంతకు ముందే అన్నాడు. ఒక గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ అన్నాడు. మా తమ్ముడు ఏ దారిన పనికి పోతాడో, ఎప్పుడొస్తాడో అన్నీ చెప్పి అన్నాడు. ఆ సాయంత్రమే నేను కండువా మార్చాను."

ఊరు ఊరంతా వింటోంది. ఆసుపత్రి కిటికీల్లో మొహాలు కనపడుతున్నాయి. అవ్వ నిలబడే ఉంది.

"మా తమ్ముడు ఏ దారిన పోతాడో కాంట్రాక్టరుకి ఎలా తెలుస్తుంది? వాడు అప్పట్లో ఈ అన్న పార్టీ పని మీదే తిరిగేవాడు. వాడి దారి తెలిసినవాళ్ళు ఈ పార్టీవాళ్ళే. ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే కాదు. మూడో కుర్చీ ఉంది. అందులో కూర్చున్న మనిషి నా వైపు చూడలేదు, మాట్లాడలేదు. నేను లేచి వెళ్తుంటే తలుపు దాకా వచ్చి తీశాడు."

స్టేజీ మీద అన్నయ్య రెండడుగులు ముందుకు వేశాడు. చెక్కలు కిర్రుమన్నాయి.

"చెల్లీ," అన్నాడు. వెనక సీటు గొంతు కాదు. ఇంట్లో మాట్లాడే గొంతు కూడా కాదు. అలాంటి గొంతు అన్నయ్యకి ఉందని మైకక్కకి ఇంతవరకూ తెలియదు. "చెల్లీ, మైకు కట్టెయ్యమ్మా."

నర్సమ్మ ఆగి మైకక్క వైపు చూసింది. విజిల్ చూశాడు. మొగుడు చూశాడు. అందరి కళ్ళూ ఆ ఒక్క వేలి మీదే.

నర్సమ్మ ఎవర్నీ బెదిరించలేదు. జరిగింది చెప్తోంది, అంతే.

మైకక్క అన్నయ్య మొహంలోకి చూస్తూనే చెయ్యి మీట మీద వేసింది. ఇంకాస్త పైకి ఎత్తింది, చివరి స్తంభం అవతలి ఇళ్ళకి కూడా వినపడేలా.

"తలుపు తీసింది ఎవరో చెప్పు," అంది.